ఇరవై రెండు ముందు, అరవై ఒకటి తర్వాత

మా చెల్లెలు వెర్లీన్ పెట్టి పుట్టింది. ఈ మాట కుళ్ళుతోనే అంటున్నాను, దాచుకునేదేం లేదు. చిన్నప్పుడు ఇద్దరికీ ఒకే తానులోంచి గౌన్లు కుట్టిస్తే దాని గౌనుకి జేబు వచ్చేది, నా గౌనుకి అతుకు వచ్చేది. మా నాన్న పత్తి మిల్లులో ఒళ్ళు హూనం చేసుకుని కూడబెట్టింది దాన్ని కాలేజీకి పంపడానికి సరిపోయింది. నన్ను బడి వంటింటికి పంపాడు. మూడో ఏడాది సగంలో అది కడుపుతో తిరిగొచ్చింది. పిల్లాడి తండ్రి లారీ ప్రమాదంలో పోయాడు. అయ్యో పాపం అని నేనూ ఏడ్చాను, అబద్ధం చెప్పను. కానీ ఇప్పటికైనా ఇద్దరం సమానం అయ్యామని కూడా అనుకున్నాను. తీరా చూస్తే ఆ పుట్టినవాడు కెండ్రెల్ అయ్యాడు.

మా అమెరికా ఫుట్‌బాల్ అంటే బంతి చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట. కెండ్రెల్ బంతి చంకన పెట్టుకుని పరుగందుకుంటే ఆపిన మొనగాడు లేడు. యూనివర్సిటీ వాళ్ళు వెతుక్కుంటూ ఇంటికొచ్చి తీసుకెళ్ళారు. వాడు మూడో ఏడాదికి వచ్చేసరికి మా డెల్టాలో పెట్రోలు బంకు మొదలు చర్చి వరకూ ఎక్కడ చూసినా ఇరవై రెండో నంబరు ఎర్రచొక్కాలే. మా పాస్టరుగారు ప్రార్థనలో రోగుల పేర్లన్నీ అయ్యాక, "ప్రభువా, మన కెండ్రెల్ మోకాళ్ళను కాపాడు" అనేవారు. అందరికంటే ముందు వెర్లీన్ ఆమెన్ అనేది. నాకు పదేళ్ళుగా కీళ్ళవాతం. నా మోకాళ్ళని ఒక్కనాడూ ఏ పాస్టరూ తలచుకున్న పాపాన పోలేదు.

నా కొడుకు ఓటిస్‌ది కూడా అదే జట్టు, నంబరు అరవై ఒకటి. వాళ్ళ నాన్న వాడి మూడో ఏటే మెంఫిస్ వెళ్ళి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. వాడికి మా నాన్న పేరు పెట్టుకుని నేనే పెంచాను. జట్టులో వాడు చేసే పని చెప్తాను, నవ్వకండి. బంతిని కాలితో తన్నాల్సి వచ్చినప్పుడు, వాడు ముందు వంగి నిలబడి, కాళ్ళ సందులోంచి వెనకవాడి చేతుల్లోకి బంతి విసురుతాడు. అంతే. విసిరిన మరుక్షణం ఎదుటి జట్టు మొత్తం వచ్చి వాడి నెత్తిన పడుతుంది. పరుగెత్తినవాడి పేరు లౌడ్‌స్పీకర్‌లో చెప్తారు, తన్నినవాడి పేరూ చెప్తారు. విసిరినవాడి పేరు తప్పు విసిరితేనే చెప్తారు. వాడు నాలుగేళ్ళలో ఒక్కటీ తప్పు విసరలేదు. అందుకని నాలుగేళ్ళుగా ఆ స్టేడియంలో నా కొడుకు పేరు వినబడలేదు.

"నీ కొడుకు మొహం ఎవరికీ తెలీదే అర్నెట్టా, పిర్రలు మాత్రం డెబ్భై వేలమందికీ తెలుసు" అని బడి వంటింట్లో నాతో పనిచేసే డోర్తా ఏడిపించేది. నేనూ పడీపడీ నవ్వేదాన్ని. లోపల మాత్రం చురుక్కుమనేది.

వాడి పేరు వినబడే రోజు ఒక్కటే ఉంది, సీనియర్స్ డే. సొంత స్టేడియంలో ఏడాదికి ఆఖరి ఆట. ఆటకి ముందు, ఇక వెళ్ళిపోయే ఆఖరి ఏడాది కుర్రాళ్ళని ఒక్కొక్కరినే పిలుస్తారు. తల్లి చెయ్యి పట్టుకుని మైదానం మధ్యకి నడవాలి. వాడి పేరూ, వాడి తల్లి పేరూ లౌడ్‌స్పీకర్‌లో చదువుతారు. కోచ్ చెయ్యి కలుపుతాడు, కొడుకు తల్లి చేతికి పసుపు చామంతుల గుత్తి ఇస్తాడు. పిలిచేది చొక్కా నంబర్ల వరసలో, అక్కడ గొప్పా బీదా లేదు. ఆ రోజు కోసం నేను ఊదారంగు టోపీ కొన్నాను, పక్కన ఈకతో. ఈస్టరుకి కూడా మా చర్చిలో అంత టోపీ ఎవరూ పెట్టలేదు.

"నా పేరు పూర్తిగా రాసిచ్చావురా?" అని ఓటిస్‌ని ఫోన్లో అడిగాను.

"అర్నెట్టా లూయీస్ పెటిఫర్డ్ అని రాసిచ్చానమ్మా."

"లూయీస్ కూడా?"

"లూయీస్ కూడా. మూడోసారి అడుగుతున్నావు."

వెర్లీన్ కొడుకు ఇంకా మూడో ఏడాదే. ఈ ఒక్క దాంట్లో నేను దానికంటే ముందు. నా జన్మకి అది చాలనుకున్నాను.

సీనియర్స్ డేకి రెండు వారాల ముందు ఆదివారం, చర్చి అయ్యాక అందరూ మా ఇంట్లోనే భోజనం. కుర్రాళ్ళిద్దరికీ ఆ వారం ఆట లేదు. క్యాట్‌ఫిష్ వేయించాను, ఆకుకూర వండాను, చిలగడదుంపతో పై అనే తీపి వంటకం చేశాను. కెండ్రెల్ మూడో చేపముక్క అందుకుంటూ మెల్లగా అన్నాడు, "అమ్మా, నేను డ్రాఫ్టుకి పేరిచ్చేద్దామనుకుంటున్నా."

కాలేజీలో ఆడేందుకు పైసా పుచ్చుకోకూడదన్న రోజులవి. డబ్బంతా పెద్ద లీగులోనే. ఏప్రిల్లో ఆ లీగు జట్లన్నీ కూర్చుని, వంతులేసుకుని కాలేజీ కుర్రాళ్ళని ఎంచుకుంటాయి. దాన్నే డ్రాఫ్ట్ అంటారు. హైస్కూలు అయి మూడేళ్ళు గడిస్తే పేరిచ్చుకోవచ్చు. ఒకసారి ఇచ్చి పోయినవాడికి మళ్ళీ కాలేజీ ఆట లేదు.

వెర్లీన్ ఫోర్కు కింద పెట్టింది. "నాలుగో ఏడాది చదువు?"

"తర్వాత ఎప్పుడైనా చదువుకోవచ్చు కదమ్మా."

"మూడో ఏడాదిలో వదిలేసినవాళ్ళు మళ్ళీ వెళ్తారనుకుంటున్నావా? నన్ను చూడు. తర్వాత వెళ్దాం, తర్వాత వెళ్దాం అని ఇరవై ఏళ్ళు అయింది. బ్యాంకులో నా కింద చేరిన పిల్లలు పట్టా చూపించి నా నెత్తినెక్కి కూర్చున్నారు."

"నీకూ నాకూ పోలికేంటమ్మా? పరుగెత్తేవాడి కాళ్ళు ఎన్నాళ్ళుంటాయి? ప్రతి ఆటలోనూ ఏనుగులొచ్చి మీద పడుతున్నట్టుంటుంది. ఆ దెబ్బలేవో డబ్బులిచ్చేచోట తినకూడదా? టైర్ల షాపులో డెక్స్టర్‌ని చూడు. మొదటి వంతులోనే తీసుకుంటాం రమ్మన్నా ఇంకో ఏడాది ఆడి వస్తానన్నాడు. రెండో ఆటలో మోకాలు పోయింది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి కదా?"

"మరి మార్విన్ సంగతో? తొందరపడి పేరిచ్చాడు. డ్రాఫ్ట్ జరిగిన మూడు రోజులూ ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్క జట్టైనా పిలిచిందా? ఇప్పుడు ఇటు చదువూ లేదు, అటు ఆటా లేదు."

కెండ్రెల్ నా వైపు తిరిగాడు. "పెద్దమ్మా, నువ్వు చెప్పు."

నా మనసులో ఏముందో చెప్తాను. వాడు ఏప్రిల్లో వెళ్తే, మే నెలలో వెర్లీన్ కొత్త ఇంట్లో ఉంటుంది. రెండంతస్తులది, ముందు స్తంభాలు కూడా ఉంటాయి. నేను వర్షం వస్తే బకెట్టు పెట్టుకునే ఈ ఇంట్లోనే ఉంటాను. ఒక్క ఏడాది, ఒక్క ఏడాదైనా అది ఆగకూడదా?

"మీ అమ్మ చెప్పిందే నిజంరా" అన్నాను నోట్లో వెన్న పెట్టుకుని. "పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు."

"నేను పుట్టిందే పరుగెత్తడానికి పెద్దమ్మా. నిలబడితే నాకు నీళ్ళు కూడా ఎవరూ పొయ్యరు" అన్నాడు వాడు నవ్వుతూ.

ఓటిస్ ఫక్కున నవ్వాడు. వెర్లీన్ మాత్రం బల్ల మీదుగా నా చెయ్యి నొక్కింది. "అక్కా, నువ్వొక్కదానివే నాకు తోడు" అంది. దాని కళ్ళలో నీళ్ళు. చిలగడదుంప పై ముక్క ఇంకోటి దాని పళ్ళెంలో పెట్టాను.

అప్పుడు కెండ్రెల్ అసలు మాట బయటపెట్టాడు. "నేను సీనియర్స్ డే నాడు నడుస్తున్నా. కోచ్‌కి కూడా చెప్పేశా."

మూడో ఏడాది కుర్రాడు సీనియర్లతో నడిచాడంటే, వెళ్ళిపోతున్నానని నోరు తెరిచి చెప్పక్కర్లేదు. మర్నాడు పేపర్లో అదే వార్త, రేడియోలో అదే గోల. ఇక ఆ మైదానం మీద మిగతా కుర్రాళ్ళు ఎవరు నడిచారో ఎవడు చూస్తాడు?

నా ఒళ్ళు మండిపోయింది. "అది ఓటిస్ రోజురా! ఏడాది పొడుగునా నీ రోజులే కదా? వాడికున్నది ఒక్కటి. అది కూడా మింగేస్తావా?"

"అమ్మా, ఊరుకో. అందరం నడిస్తే బాగుంటుంది" అన్నాడు ఓటిస్.

"నువ్వు నోరు మూసుకో!"

వెర్లీన్ లేచి నిలబడింది. "నువ్వు నడిస్తే నడువు కెండ్రెల్. నీ పక్కన నేనుండను. నేను నడిచానంటే సరేనన్నట్టే లెక్క. నేను సరేననను."

అది సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. తినని చిలగడదుంప పై ముక్క పళ్ళెంలోనే ఉండిపోయింది.

బుధవారం మధ్యాహ్నం బడి పిల్లల భోజనాలయ్యాక, వెనక గుమ్మంలో కెండ్రెల్ నిలబడి ఉన్నాడు. డోర్తా వాణ్ణి చూసి గరిటె జారవిడిచింది. గబగబా చేతులు తుడుచుకుని ఫోటో అడిగింది, ఇంకోటీ అడిగింది. అది వెళ్ళేదాకా ఆగి వాడు, "పెద్దమ్మా, అమ్మ ఫోనెత్తట్లేదు" అన్నాడు.

"ఎత్తదు. మొండిఘటం. మా నాన్న గారాబం చేసి చెడగొట్టాడు."

"అందరూ అమ్మలతో వస్తారు. నేనొక్కణ్ణే ఒంటరిగా ఎలా నడవను? నువ్వు వస్తావా నాతో?"

నేను బేసిన్లో తోమిన పళ్ళేన్నే మళ్ళీ తోమాను. డెబ్భై వేలమంది. వెర్లీన్ నిలబడాల్సిన చోట నేను. మా చర్చి మొత్తం టీవీల ముందు. నా ఊదా టోపీ.

"దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలిరా నాయనా" అన్నాను. "వెళ్ళు. ఈ వయసులో కాకపోతే ఎప్పుడు? మీ అమ్మకేం తెలుసు?"

వాడు తెల్లబోయాడు. "మొన్న నిలబడి నీళ్ళు తాగమన్నావు?"

"మొన్న మొన్నే, ఇవాళ ఇవాళే. నడుస్తానా లేదా? అది చెప్పు చాలు."

వాడు నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. నా మోకాళ్ళు కలుక్కుమన్నాయి, అయినా దింపమనలేదు.

ఆ సాయంత్రం ఓటిస్‌కి ఫోన్ చేశాను. సంగతంతా చెప్పాను.

"ఏరా, కోపమా?"

"కోపం కాదమ్మా. పాపం వాడు ఒంటరిగా నడవడం నాకూ ఇష్టం లేదు. కానీ నువ్వు తిరిగి వచ్చేస్తావుగా?"

"ఇరవై రెండు ముందు, అరవై ఒకటి తర్వాత. మధ్యలో ఎంతమంది ఉన్నారు! వాడిని అక్కడ దింపేసి, గోడవార నుంచి నీ దగ్గరికి వచ్చేస్తాను."

"వచ్చేస్తావుగా?"

"మూడోసారి అడిగేది నేను కదరా, నీకెప్పుడు అంటుకుంది ఈ జబ్బు? వచ్చేస్తాను."

ఆ రోజు రానే వచ్చింది. చలి బాగా ఉంది, ఎండ కూడా ఉంది. మైదానంలోకి వెళ్ళే సొరంగం లాంటి దారిలో తల్లులూ కొడుకులూ వరసగా నిలబడ్డారు. చెవికి మైకు తగిలించుకున్న ఒకావిడ అందరినీ అదిలిస్తోంది. నా సంగతి చెప్తే, "కుదురుతుందమ్మా, కానీ నిలబడిపోకండి. పని కాగానే వచ్చెయ్యండి" అంది. ఓటిస్ వరసలో బాగా వెనక ఉన్నాడు. వాడు మెడ సాచి నన్ను చూసి చెయ్యెత్తాడు. నేను టోపీ సర్దుకుని చెయ్యూపాను.

కెండ్రెల్ వంతు వచ్చింది. వాడి అరచెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది. "అమ్మ వచ్చిందా పెద్దమ్మా?" అన్నాడు. "పైన ఎక్కడో కూర్చునే ఉంటుందిలే, పద" అన్నాను.

వెలుతురులోకి అడుగుపెట్టగానే ముందు ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఇరవై రెండో నంబరు ఇక్కడేం చేస్తోందని. తర్వాత అర్థమైంది. అయ్యో అన్న మాట ఒక మూల మొదలై స్టేడియం అంతా తిరిగింది. వెంటనే లేచి నిలబడి అరవడం మొదలుపెట్టారు, "ఇంకో ఏడాది! ఇంకో ఏడాది! ఇంకో ఏడాది!" నా పళ్ళు కూడా అదిరాయి. జన్మలో నన్ను చూసి ఇద్దరు లేచి నిలబడింది లేదు.

ఆ గోల మధ్యలోనే లౌడ్‌స్పీకర్ పలికింది, "ఇరవై రెండో నంబరు, కెండ్రెల్ టాలీ. పక్కన అతని తల్లి, వెర్లీన్ టాలీ."

చూశారా? దాని చోటు నాకిచ్చినా పేరు మాత్రం దానిదే. నడిచేది నేను, పేరు దానిది. నా నవ్వు ఒక్క క్షణం బిగుసుకుపోయింది. తర్వాత అనుకున్నాను, పోనీ, పేరుతో ఏముంది, డెబ్భై వేల జతల కళ్ళు నా మీదే కదా. చెయ్యెత్తి ఊపాను. వాళ్ళు ఇంకా గట్టిగా అరిచారు. నేను ఇంకా ఊపాను.

కోచ్ చెయ్యి కలిపాడు. కెండ్రెల్ చామంతుల గుత్తి నా చేతిలో పెట్టి, "థాంక్స్ పెద్దమ్మా, ఇక అన్న దగ్గరికి వెళ్ళు" అన్నాడు. నిజంగానే అన్నాడు. నేను కదలబోయాను కూడా.

ఇంతలో టీవీ పిల్ల వచ్చింది. కెమెరా వెనకే ఇంకొకడు. మైకు నా నోటి దగ్గర పెట్టి, "అమ్మా, మీకు చాలా గర్వంగా ఉండుంటుంది" అంది.

నేను పెద్దమ్మనమ్మా, నా కొడుకు ఇంకా వెనక ఉన్నాడు అని చెప్పాలి. రెండు ముక్కలు. నాలిక చివరే ఉన్నాయి. కానీ మా ఊళ్ళో వెర్లీన్‌ని ఇలా ఎందరు అడగలేదు? చర్చిలో, బ్యాంకులో, మంగలి షాపు ముందు, "నీకు చాలా గర్వంగా ఉండుంటుంది" అని. నేను పక్కన సంచీ పట్టుకుని నిలబడి ఎన్నిసార్లు వినలేదు? ఒక్కసారి, ఒక్కసారి ఆ మాటకి జవాబు నేను చెప్తే ఎవరి సొమ్మేం పోయింది?

"గర్వం కాక మరేంటమ్మా" అన్నాను.

"చదువు మధ్యలో వెళ్ళిపోతున్నాడని బాధ లేదా?"

"పిల్లల ఇష్టమే మన ఇష్టం. రెక్కలొచ్చిన పిట్టని గూట్లో కట్టేస్తామా?"

"చిన్నప్పటి నుంచీ ఇంతేనా?"

అయ్యో, ఆ ప్రశ్న అడగకూడదు నన్ను. కోడిపిల్లల వెనక పరుగెత్తడం చెప్పాను. ఎండాకాలాల్లో నా వంటింట్లో పది క్యాట్‌ఫిష్ ముక్కలు తిన్న సంగతి చెప్పాను. అది నిజమే. ఆ పిల్ల నవ్వుతోంది, తలాడిస్తోంది. నేను టోపీ ఈక సర్దుకున్నాను. కెండ్రెల్ నా మోచెయ్యి లాగుతున్నాడు, "పెద్దమ్మా, పెద్దమ్మా" అంటూ. విదిలించుకున్నాను.

"చివరగా ఒక్క మాట చెప్పండమ్మా" అంది ఆ పిల్ల.

"కన్నవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి?" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చిందో లేదో, లౌడ్‌స్పీకర్ పలికింది. "అరవై ఒకటో నంబరు, ఓటిస్ పెటిఫర్డ్. పక్కన అతని తల్లి, అర్నెట్టా లూయీస్ పెటిఫర్డ్."

లూయీస్ కూడా చదివారు.

వెనక్కి తిరిగాను. దారి మొగలోంచి నా కొడుకు నడిచి వస్తున్నాడు. కొండంత మనిషి, అడుగులు మాత్రం చిన్నచిన్నగా వేస్తున్నాడు, పక్కన నడిచే మనిషి మోకాళ్ళు నొప్పెడతాయేమో అన్నట్టు. ఆ నడక నా కోసం నేర్చుకున్నది. వాడి చెయ్యి పట్టుకుని పక్కన నడుస్తున్నది వెర్లీన్. తల మీద టోపీ కూడా లేదు. బ్యాంకు కోటు బొత్తాలు ఒకదానికొకటి తప్పిపోయి ఉన్నాయి, ఏడ్చిన మొహం.

చప్పట్లు వచ్చాయి. పెద్దగా రాలేదు. జనం ఇంకా కెండ్రెల్ సంగతే మాట్లాడుకుంటున్నారు, కొందరు తినడానికి కొనుక్కోవడానికి లేచారు. అక్కడో చప్పట, ఇక్కడో చప్పట. ఆ కాసిని చప్పట్లూ మా చెల్లెలు వెర్లీన్ మీద పడ్డాయి. నా బతుకులో దాన్ని చూసి చాలాసార్లు ఏడ్చాను, జేబు గౌనుకి ఏడ్చాను, కాలేజీకి ఏడ్చాను, కొడుక్కి ఏడ్చాను. కానీ అప్పుడు నా కడుపులో మండిన మంట ముందు అవన్నీ నిప్పురవ్వలు.

వాళ్ళు మధ్యకి వచ్చారు. కోచ్ ఓటిస్ చెయ్యి కలిపాడు. ఓటిస్ పూలగుత్తి పట్టుకుని ఒక్క క్షణం తటపటాయించాడు. అందరూ చూస్తున్నారు, ఇవ్వాలి. వెర్లీన్‌కి ఇచ్చాడు.

నేను కుంటుకుంటూ పరుగెత్తాను. "ఏమే, నీకు బుద్ధుందా? నా కొడుకుతో నువ్వెందుకు నడిచావే?"

"మరి నా కొడుకుతో నువ్వు నడవలేదా?" అంది వెర్లీన్. అరవలేదు. దానికి ఆయాసం ఇంకా తగ్గలేదు. "పైన కూర్చోలేకపోయానక్కా. కన్నకొడుకు, ఎలా కూర్చోను? పరుగెత్తుకుంటూ కిందికొచ్చేసరికి వాడు వెళ్ళిపోయాడు. వీడు దారి మొగలో నిలబడి నీ కోసం చూస్తున్నాడు. నంబరు పిలిచేస్తున్నారు. ఆ మైకావిడ పద పద అంటోంది. 'పిన్నీ, అమ్మ రాలేదు, నువ్వు రా' అన్నాడు. ఏం చెయ్యమంటావు?"

కెండ్రెల్ వచ్చి వాళ్ళమ్మ ముందు తల వంచుకుని నిలబడ్డాడు. అది వాడి మెడ పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "వెళ్ళరా వెళ్ళు. కానీ మిగిలిన ఆ ఏడాది చదువూ ఎండాకాలం సెలవుల్లో వచ్చి చదువుతావు. డెబ్భై వేలమంది ముందు మాటివ్వు."

"ఇచ్చానమ్మా" అన్నాడు వాడు దాని భుజంలో మొహం పెట్టుకుని.

వెర్లీన్ తన చేతిలో పూలు నాకిచ్చింది. "ఇవి నీవి." నా చేతిలో ఉన్నవి నేను దానికిచ్చాను. రెండూ పసుపు చామంతులే, ఒకే షాపువి, ఒకే రిబ్బను. మార్చుకున్నట్టు కూడా తెలియలేదు.

ఓటిస్ వైపు చూడటానికి నాకు మొహం చెల్లలేదు. వాడే వచ్చి పక్కకి ఒరిగిన నా టోపీని రెండు చేతులతో సరిచేశాడు.

"ఫర్వాలేదమ్మా. పేరు నీదే చదివారుగా. విన్నావా?"

"విన్నాన్రా."

"లూయీస్ కూడా చదివారు."

"విన్నాన్రా నాయనా."

ఈల వేశారు, వాడు హెల్మెట్ తీసుకుని పరుగెత్తాడు. మేమిద్దరం పైకెక్కి పక్కపక్కనే కూర్చున్నాం. వెర్లీన్ నా ఒళ్ళో చెయ్యి వేసింది. నేను తీసెయ్యలేదు, పట్టుకోనూ లేదు.

ఆట మొదలైంది. కెండ్రెల్ పేరు లౌడ్‌స్పీకర్‌లో మోగుతూనే ఉంది. బంతి తన్నాల్సి వచ్చిన ప్రతిసారీ నా అరవై ఒకటో నంబరు వచ్చి వంగి నిలబడ్డాడు. ప్రతిసారీ నేను పూలగుత్తి గుండెకి అదుముకుని ఒక్కటే కోరుకున్నాను, దేవుడు నన్ను ఏమైనా చెయ్యనీ. ఒక్కటి తప్పు విసరరా నాయనా, ఒక్కటంటే ఒక్కటి, నీ పేరు ఇంకొక్కసారి చదువుతారు, ఈసారి నేనిక్కడే ఉన్నాను.

వాడు ఒక్కటీ తప్పు విసరలేదు.